సముందర్ సాబ్ ఇచ్చిన ఆది

మా సంఘంలో ఎవరైనా దూరప్రయాణం చేసి వస్తే, ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఏ దారిన వెళ్ళారు, ఏం తిన్నారు అని అక్కడ ఎవరూ అడగరు. ప్రభువు ఏం చేశాడన్నదే అడుగుతారు. ఈసారి నాకు ఆ రెండింటినీ విడదీయడం చేతకాలేదు. అందుకే నిలబడి చెప్పడం మాని, కూర్చుని రాస్తున్నాను.

మాది చీరాల దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. సండే స్కూలు పిల్లలకు లేఖనాల్లోని కథలు చెప్పడం నా పని. నా చెల్లెలు కరుణను హైదరాబాదుకు ఉత్తరాన జవహర్‌నగర్‌లో ఇచ్చాం. దాని భర్త ప్రభుదాస్ సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చాడు. ఇప్పుడు మేడ్చల్ పక్కన అత్వెల్లిలో ఒక కుట్టుపని షెడ్డుకు సూపర్‌వైజరు. కరుణ అదే షెడ్డులో మిషను కుడుతుంది. "పైన కొత్త గది వేసుకున్నాం, ప్రార్థన చేసి పో అక్కా" అని అది ఫోను చేస్తే, సీతాఫలాలు పండే రోజుల్లో బయలుదేరాను.

జవహర్‌నగర్

తెల్లవారుజామున రైలు దిగడం, షేర్ ఆటో ఎక్కడం, రెండూ నిద్రలో జరిగినట్టే ఉన్నాయి. రోడ్డు మీద మంచు. ఆ మంచులోంచి ఇళ్ళు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి, మా ఊళ్ళో వేట ముగించుకుని వచ్చే పడవలు కనబడినట్టు. అంతలో వాసన తగిలింది. నగరం ఊడ్చిన చెత్తంతా వచ్చి చేరే గుట్ట అక్కడే ఉంది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే పక్కన కూర్చున్న కూరగాయలామె నవ్వింది.

"కొత్తనా అమ్మా? రెండొద్దులు ఆగు. నీ ముక్కే నీ మాట ఇనది."

మా చెల్లెలి నోట ఇప్పుడు రెండు యాసలు కలిసి కాపురం చేస్తున్నాయి. నన్ను చూడగానే "ఏమే అక్కా, ఇంత సన్నబడ్డావేంటి" అంది. ఆ వెంటనే "సల్ల తాగుతవా?" అని అడిగింది. ఈ చలిలో చల్లటిదేమీ వద్దన్నాను. సల్ల అంటే మజ్జిగని తెలిసేసరికి ప్రభుదాస్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు. మేం పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. వీళ్ళు చింతపండు పిసికి, ఉల్లిపాయ ముక్కలు, మిరపకాయ వేసి పచ్చిగానే వడ్డిస్తారు. మొదటి ముద్దకు పళ్ళు జివ్వుమన్నాయి, మూడో ముద్దకు ఇంకొంచెం పొయ్యమన్నాను.

తింటూ ప్రభుదాస్ తన సైన్యం రోజులు చెప్పాడు.

"ఒకపారి పెద్ద దేశపోళ్లతోని కలిసి కసరత్తు జేసినం వదినా, మంచు కొండలల్ల. వాళ్ల కాడ రాత్రి కనవడే కండ్లద్దాలు. వాళ్ల ఎంబడి కాఫీ మిషన్ గుడ వచ్చింది. మా కాడ రొట్టె, పప్పు, నోట్లె పాట. సోపతికి గుర్తని తలా ఒక జత చేతి తొడుగులు ఇచ్చిన్రు. మస్తు మెత్తగున్నయ్. కని గవి పెట్టుకుంటే ఏలు ట్రిగ్గర్ల దూరది!"

"మరి ఆ మాట చెప్పలేదా?"

"ఎట్ల జెప్తం? థ్యాంక్యూ సార్ అన్నం. గుట్ట మలుపు తిరగంగనే తీసి జేబుల వెట్టుకున్నం."

"పొయ్యి మీది గిన్నె దించడానికి నేను వాడుతున్నవి అవే అక్కా" అంది కరుణ.

సోపతి అంటే స్నేహం. ఆ మాట నాకు కొత్త. నోట్లో పెట్టుకుంటే బెల్లం ముక్కలా ఉంది.

అత్వెల్లి

మర్నాడు శనివారం. కరుణ వెంట నేనూ షెడ్డుకు వెళ్ళాను. దారి పొడుగునా ఒకవైపు మొక్కజొన్న కోసిన చేలు, ఇంకోవైపు టైర్ల దుకాణాలు, ధాబాలు. రోడ్డు పక్కన ఒక అవ్వ సీతాఫలాల గంప ముందు పెట్టుకుని కూర్చుంది. గంప నూట యాభై అంది. మా ఊళ్ళో అయితే బేరం సగం నుంచి మొదలవుతుంది. నేను డెబ్బై అయిదు అన్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "పండ్లకా, గంపకా?" అంది. నూట యాభై ఇచ్చాను.

షెడ్డులోకి అడుగుపెడితే లోపల వాన కురుస్తున్నట్టుంది. అది మిషన్ల చప్పుడు. వరసగా ఆడవాళ్ళు, అందరి ఒళ్ళోనూ ఒకే ఆకుపచ్చ గుడ్డ. తూటాలు తగలకుండా సైనికులు ఛాతీకి కట్టుకునే కవచం ఉంటుంది కదా, దానికి పైతొడుగు వీళ్ళు కుడతారు. తూటాను ఆపే పలకలు వేరే చోట తయారవుతాయి. ఇక్కడ కొలత చూడడానికి అంతే బరువున్న ఇనుప పలకలు పెట్టుకున్నారు. ఈసారి కుట్టేవి మన సైన్యానికి కాదు. సముద్రం మధ్యలో ఒక చిన్న దీవి దేశం ఉంది, మనకు మిత్రదేశం. వాళ్ళకు మన ప్రభుత్వం ఉచితంగా పంపుతోంది. పేరు రాయొద్దని మరిది అన్నాడు కనుక రాయను.

కటింగ్ మాస్టర్ పేరు ఖాజా భాయ్. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వస్తాడు. చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు. నన్ను ఆపా అని పిలిచి కుర్చీ వేశాడు. ఆ రోజే తొడిగి చూసే రోజు. మన సైన్యం నుంచి ఒక కెప్టెన్, ఆ దేశం నుంచి ఒక అధికారి, ఆయనతో ఒక సార్జెంటు వచ్చారు. సార్జెంటు పేరు ఎవరి నాలుకకూ లొంగలేదు. దాంతో ఖాజా భాయ్ ఆయనకు 'సముందర్ సాబ్', అంటే సముద్రం దొర, అని పేరు పెట్టేశాడు. మన దేశంలో కొన్నాళ్ళు శిక్షణ పొందినవాడు కాబట్టి ఆయనకు కొంచెం హిందీ వచ్చు. పేరు విని నవ్వి ఒప్పుకున్నాడు.

సముందర్ సాబ్ చేతులు పైకెత్తి నిలబడితే తొడుగు వేసి, రెండు పక్కలా బకిల్స్ బిగించారు. సన్నటి మనిషి. తొడుగు అంచు గడ్డానికి తగులుతోంది.

"గీయన ఛాతీల గాలి గొట్టాలె హవల్దార్ సాబ్" అన్నాడు ఖాజా భాయ్ మెల్లగా.

"నువ్ సప్పుడు జెయ్యకు మాస్టర్."

కెప్టెన్ ఎలా ఉందని అడిగాడు. "గుడ్. వెరీ గుడ్" అన్నాడు సముందర్ సాబ్. వాళ్ళ అధికారి అందరికీ చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పాడు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. సోమవారం నుంచి మొత్తం గుడ్డ కోత మొదలవుతుంది. దాని మీద అక్కడున్న అందరికీ చాలా నెలల పని. తొడుగు విప్పేటప్పుడు మాత్రం సముందర్ సాబ్ బకిల్స్‌తో చాలాసేపు పెనుగులాడాడు. విప్పాక ఆ బకిల్‌ను వేలితో తడుముతూ నిలబడ్డాడు.

శామీర్‌పేట చెరువు గట్టు

ఇక్కడ నీళ్ళు ఎక్కడున్నాయని సముందర్ సాబ్ అడిగాడట. సాయంత్రం మరిది ఆయన్నీ మమ్మల్నీ శామీర్‌పేట చెరువుకు తీసుకెళ్ళాడు.

అలాంటి సాయంత్రాన్ని నేను ముందెప్పుడూ చూడలేదు. నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. కొంగలు గాలిలో నడుస్తున్నాయో నీళ్ళలో నడుస్తున్నాయో తెలియలేదు. సముద్రమైతే ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఈ చెరువు వింటోంది. మరిదీ కరుణా మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి దగ్గరికి వెళ్ళారు. గట్టు మీద నేనూ సముందర్ సాబూ మిగిలాం.

ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు. వింటూ వింటూ నేను ఉలిక్కిపడ్డాను. అది మా సంఘంలో ప్రభురాత్రి భోజనం నాడు పాడే రాగం. మాటలు వేరు, రాగం అదే. నేను తెలుగులో అందుకున్నాను. ఆయన తన భాషలో సాగించాడు. ఎవరి మాటలు ఎవరికీ తెలియకుండానే చరణం చివర ఇద్దరం ఒకేచోట ఆగాం.

నాకు వచ్చిన బైబిలు స్కూలు ఇంగ్లీషు, ఆయన హిందీ కలిపి మాట్లాడుకున్నాం. మాది సముద్రపు ఊరని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"మీ వాళ్ళు వేటకు వెళ్ళేటప్పుడు ఒంటికి బరువు కట్టుకుంటారా?" అని అడిగాడు.

"బరువా! నడుముకు కట్టుకునే తువ్వాలు కూడా జారుముడే వేస్తారు. పడితే లాగెయ్యడానికి."

ఆయన తలూపాడు. తమ సంగతి చెప్పాడు. వాళ్ళ సైన్యానికి కొండల్లేవు, ఎడారుల్లేవు. ఉన్నవి చిన్న పడవలు. దొంగ ఓడలను ఆపడానికి రాత్రింబవళ్ళు అలల మీద తిరుగుతారు. ఆ పడవలు ఎగిరి పడతాయి, మనుషులు నీళ్ళలో పడుతుంటారు. పడితే ఈదుకుంటూ పైకి వస్తారు. "ఇది కట్టుకుని పడితే రారు" అన్నాడు.

"మరి ఉదయం బాగుందన్నారే!"

"మీ దేశం ఊరికే ఇస్తోంది. మాకు కొనే శక్తి లేదు. ఇచ్చినవాడి ఇంట్లో నిలబడి ఇచ్చినదానికి వంక చెబితే, మా దగ్గర అది వాడి ముఖాన నీళ్ళు కొట్టడం. మా అధికారి అప్పటికే కృతజ్ఞతలు చెప్పేశాడు."

ఆయన పడవలో పద్దెనిమిది దాటీదాటని కుర్రవాళ్ళే ఎక్కువట. అది చెప్పేటప్పుడు ఆయన చెరువు వైపు చూడలేదు. ఎవరికైనా చెప్పమని నన్ను అడగలేదు. చెప్పొద్దనీ అనలేదు. అంతలో కాల్చిన పొత్తులు వచ్చాయి.

లేఖనాల్లో ఒక కథ చెప్పినప్పుడల్లా పిల్లలు నన్ను నిలదీస్తారు. ఒక బలహీన పట్టణంవాళ్ళు అరిగిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు చూపించి, దూరదేశంవాళ్ళమని అబద్ధమాడి బలవంతులతో సంధి చేసుకుంటారు. మోసం బయటపడినా బలవంతులు మాట తప్పరు. ఆ పట్టణం మీద శత్రువులు పడితే రాత్రంతా నడిచి వెళ్ళి కాపాడతారు. "అబద్ధమాడినవాళ్ళ కోసం ఎందుకు వెళ్ళారు టీచర్?" అంటారు పిల్లలు. ఆ రాత్రి నిద్ర పట్టేవరకు నాకు మరో ప్రశ్నే తోచింది. బలవంతుడి ఎదుట బలహీనుడు నిజం చెప్పగలిగేలా ఎవరు చెయ్యాలి?

ఆదివారం, లాల్‌గడి మలక్‌పేట్

జవహర్‌నగర్ మందిరానికి రేకుల కప్పు. గాలి అటు తిరిగితే చెత్తగుట్ట వాసన కూడా వచ్చి ఆరాధనలో కూర్చుంటుంది. ఆటోలో కూరగాయలామె చెప్పినట్టే నా ముక్కు నా మాట వినడం మానేసింది. మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ నాకు ఒకటే కనబడుతోంది. నీళ్ళలోకి దిగిపోతున్న ఆకుపచ్చ గుడ్డ. లేచి బయటికి రాగానే మరిదికి అంతా చెప్పేశాను.

ప్రభుదాస్ ముఖం గట్టిపడింది.

"వదినా, నువ్వు రెండొద్దులు ఉండి పోతవ్. రేపు కోత ఆగితే షెడ్డుల ఆడోళ్లందరు ఇంట్ల కూసుంటరు. నీ చెల్లె గుడ. ఆయననే గుడ్ అన్నడు, నడుమల నేనెవర్ని? వియ్యానికైన కయ్యానికైన సమవుజ్జీ ఉండాలంటరు. చిన్నోడు ఇచ్చింది తీసుకోవాలె."

"నువ్వు తీసుకున్న తొడుగులు నా చెల్లెలి వంటింట్లో ఉన్నాయి ప్రభుదాసూ. గుట్ట మలుపు తిరిగాక తీసి జేబులో పెట్టుకున్నావు. పడవకు మలుపెక్కడుందయ్యా?"

ఆయన చెప్పులు తొడుక్కుని ముందు నడిచాడు.

ఆ మధ్యాహ్నం ఖాజా భాయ్ ఇంట్లో భోజనం. సముందర్ సాబ్‌నూ పిలిచారు. మసాలా వేసి వండిన బగారా అన్నం, పప్పుపులుసు లాంటి దాల్చా. మేం పండగకు పులిహోర కలిపే గిన్నెల కంటే పెద్ద గిన్నె. ఖాజా భాయ్ భార్య మాకు వడ్డిస్తూనే ఉంది, సముందర్ సాబ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తింటూనే ఉన్నాడు. అంత కారంలోనూ వద్దన్న మాట ఆయన నోట రాలేదు. ప్రభుదాస్ ఆయన్నే చూస్తున్నాడు. చెయ్యి కడుక్కుని హఠాత్తుగా అడిగాడు.

"మాస్టర్, నీ పొలంల బాయి ఉన్నది గదా?"

సంగతి విన్న ఖాజా భాయ్, "అరే, గింతదానికి పరేషాన్ ఎందుకు, జూసేద్దాం" అన్నాడు. తొడుక్కుని తానే బావిలో దిగి చూస్తానన్నాడు ప్రభుదాస్, కాని షెడ్డులోంచి నమూనా బయటికి తేవడానికి ఒప్పుకోలేదు. ఖాజా భాయ్ ఎరువుల సంచి ఒకటి దులిపి, అవే కొలతలకు కత్తిరించి, పాత స్కూలు బ్యాగుల బకిల్స్ వేసి కుట్టాడు. పలకలకు బదులు బండముక్కలు. మీ నాయినను ఎరువుల సంచిలో చూస్తే ఎలా ఉంటుందో తెలుసా అని కరుణ ఇంట్లో ఉన్న తన పిల్లలకు ఫోను చేసి నవ్వింది.

బావి పాతది, రాతి మెట్లున్నది. వానలు బాగా పడ్డాయేమో, నీళ్ళు చేతికందేంత పైకి ఉన్నాయి. ఆకుపచ్చటి నీడ, దాని అడుగున ఇంకొక ఆకాశం. తుమ్మెదల చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రభుదాస్ మంచి ఈతగాడు. చంకల కింద తాడు కట్టించుకుని, మీసం దువ్వి, నాకు సెల్యూట్ కొట్టి దూకాడు.

నీళ్ళు మూసుకున్నాయి. బుడగలు వచ్చాయి. పచ్చటి లోతులో ఆయన చేతులు పక్కలను వెతుక్కోవడం కనబడింది. తడిసిన సంచి బిగుసుకుంది. బుడగలు తగ్గాయి. "ఏమండీ!" అని కరుణ కేక పెట్టింది. నా నోట ప్రార్థన కూడా రాలేదు, ప్రభువా అన్న ఒక్క మాట తప్ప. ఖాజా భాయ్ తాడు లాగుతున్నాడు. సముందర్ సాబ్ ఆయన్ను తోసుకుంటూ ముందుకు వచ్చి, పాదాలు మెట్టుకు తన్నిపెట్టి, తాడును చేతికి చుట్టి లాగాడు.

ప్రభుదాస్ మెట్టు మీద పడి దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

"ఒక్క బకిల్ ఇప్పిన వదినా. రెండోదాని కాడికి చెయ్యి పోలే." ఊపిరి తీసుకున్నాక సముందర్ సాబ్ వైపు తిరిగి హిందీలో అడిగాడు, "నిన్న ఎందుకు చెప్పలేదు?"

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మిగిలిన బకిల్స్ విప్పుతున్నాడు.

చాయ్ వచ్చింది. ఇప్పుడు అందరి ముందూ ఒకటే చిక్కు. ఆయన వంక చెప్పకూడదు, చెప్పకుండా ఉండకూడదు. అప్పుడు కరుణ తడిసిన భర్త తల తుడుస్తూ, వంటింటి మాట అన్నట్టు అడిగింది.

"అయినా మాస్టర్, మీరు ఆది అడగలేదా?"

ఖాజా భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"తౌబా! ఆది లేకుండ జాకెట్ గుడ్డ గుడ కొయ్య నేను. గీ ఫౌజోళ్ల కొలతల కాయితం జూసి మర్శేపోయిన!"

ఆది అంటే ఏమిటో మన ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. దర్జీకి కొత్త గుడ్డతో పాటు, ఒంటికి సరిపోయిన పాతదొకటి ఇస్తాం. దాన్ని చూసి కుట్టమంటాం. ఎవరికైనా పెట్టేటప్పుడు కూడా జాకెట్టు ముక్క పెడతాం కాని కుట్టిన జాకెట్టు పెట్టం. కుట్టించుకోవడం వాళ్ళ ఒంటి సంగతి. ఆది ఇవ్వడం వంక చెప్పడం కాదు. ఆది అడగడం దర్జీ హక్కు.

ఇదంతా సముందర్ సాబ్‌కు నెమ్మదిగా చెప్పాం. పడవ మీద కట్టుకునే పాతది ఆయన సంచిలోనే ఉందట.

సోమవారం, మళ్ళీ అత్వెల్లి

బల్ల మీద గుడ్డ పొరలు పొరలుగా పరిచి ఉంది. కెప్టెన్, ఆ దేశపు అధికారి, షెడ్డు యజమాని నిలబడ్డారు. ఖాజా భాయ్ కత్తెర పట్టుకోలేదు.

"సాబ్, ఆది కావాలె. ఆది లేకుంటె నా కత్తెర నడవది."

కెప్టెన్‌కు అర్థం కాలేదు. ప్రభుదాస్ హిందీలో చెప్పాడు. సముందర్ సాబ్ సంచిలోంచి వెలిసిన, మాసికలు వేసిన తొడుగొకటి తీసి తొడుక్కున్నాడు. దాని ముందు భాగాన ఎర్ర తాడు ఒకటి వేలాడుతోంది. అదెందుకని కెప్టెన్ అడిగాడు. సముందర్ సాబ్ తన అధికారి ముఖం చూశాడు. ఆ అధికారి బల్ల మీది గుడ్డను చూశాడు. తరువాత తల ఒక్కసారి కిందికి ఆడించాడు.

సముందర్ సాబ్ తాడు లాగాడు. తొడుగు మొత్తం రెండు ముక్కలై ధబ్బున నేల మీద పడింది. మిషన్లు ఆగిపోయాయి.

"మన కొలతలతోని కుట్టింది ఏసుకొని నేను నీళ్లల్ల దిగి జూసిన సాబ్" అన్నాడు ప్రభుదాస్, అటెన్షన్‌లో నిలబడి. "నేను వాపస్ రాలే. తాడు గుంజితె వచ్చిన."

కెప్టెన్ వంగి ఆ ఎర్ర తాడు చేతిలోకి తీసుకున్నాడు. చిన్నవాడు, మా సంఘంలో గిటార్ వాయించే కుర్రాడి వయసు ఉంటుందేమో. ఇవాళ కోత ఆపండి, పైవాళ్ళతో మాట్లాడాలి అన్నాడు. యజమాని తల పట్టుకున్నాడు. ఖాజా భాయ్ ఆ పాత తొడుగును బల్ల మీద పరిచి, చెవి మీది సుద్ద తీశాడు.

ఆడవాళ్ళు గుడ్డ మడతలు పెట్టి సంచులు సర్దుకున్నారు. పని ఎప్పుడు మొదలవుతుందో ఎవరూ చెప్పలేదు. ఇదంతా నా మాటతో మొదలైందని కరుణ నోట విన్న ఒకామె గడప దగ్గర దానితో అంది, నాకు వినబడేలాగే.

"మీ అక్క మంచిగనే ప్రార్థన జేసిపోతాంది. మా పని బోయింది."

నేను చేతులు జోడించాను.

ఇంటికి వచ్చాక

క్రిస్మస్ నెల మొదలయ్యేదాకా షెడ్డు తలుపులు తెరవలేదు. కరుణ ఫోను చేసినప్పుడల్లా గొంతులో నవ్వు తక్కువగా ఉండేది. ప్రతి ఉదయం పడవలు వెళ్ళే వేళకు ఒడ్డున నిలబడి, ఆ షెడ్డులోని ఆడవాళ్ళ కోసం, ఆ దీవి కుర్రవాళ్ళ కోసం ప్రార్థించాను. ఇద్దరి కోసం ఒకే ప్రార్థనలో అడగడం కష్టం. ఒకరి మేలు ఇంకొకరి పస్తు అయ్యింది.

మొన్న మధ్యాహ్నం కరుణ ఫోను చేసింది. వెనక వాన కురుస్తున్న చప్పుడు.

"అక్కా, మొదలుపెట్టాం. తాడు ఉన్నదే కుడుతున్నాం. కుట్టిన ప్రతిదాన్నీ గుంజి చూడాలంట, మీ మరిదిగారి ఆర్డరు. మస్తు చేతులు నొస్తున్నయ్."

"మీ షెడ్డులోవాళ్ళు నన్ను ఇంకా తిడుతున్నారా?"

"తిడుతున్నరు. తిట్టుకుంట కుడుతున్నరు." చెల్లెలు నవ్వింది. "ఇన్నేళ్ళూ ఊడకుండా కుట్టడమే నేర్చుకున్నానే అక్కా. ఇప్పుడు ఊడేటట్టు కుట్టుడు నేర్సుకుంటున్న. అది ఇంకా కష్టం తెలుసా? ఉండు, ఒకటి అయింది, గుంజి చూస్తాను."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడయింది. నేను ఫోను చెవికి అదిమిపెట్టుకున్నాను. ధబ్బుమని కింద పడింది.